కోళ్లగూటి తలుపు మూలిగిన సంగతి

కోళ్లున్న ఇంట్లో సాయంకాలం మరచిపోకూడని పని ఒకటున్నది. చీకటి ముసరకముందే గూటి తలుపు పడాలి. సంధ్యదీపం పెట్టడం ఒకనాడు మరచినా దేవుడు క్షమిస్తాడు గాని, గూడు మూయడం మరచిన ఇంటిని అడవిపిల్లి క్షమించదని మా మేనత్తగారు అంటూ ఉంటారు. ఆ మాట ఎంత నిజమో మేము 2021 కార్తీకమాసంలో కళ్లారా చూచాము. ఆ సంగతీ, దాని తరువాత మేము నేర్చుకొన్నదీ ఈ పత్రిక చదివే కుటుంబాలకు పనికివస్తుందని వ్రాస్తున్నాము. మనవారి ఇండ్లకు చాలచోట్ల ఇప్పటికీ పెరళ్లున్నవి, పెరళ్లలో కోళ్లున్నవి. పిల్లలు మాత్రం బెంగుళూరులోనో, అంతకంటె దూరానో ఉద్యోగాలలో ఉన్నారు. పొద్దుగూకే వేళకు గూడు మూయడానికి మిగిలినవి ముసలి చేతులే.

మా మేనత్తగారిది హోసూరు పక్కన మత్తిగిరి దాపున పాత పెంకుటిల్లు. మేము అక్కడికి నాలుగు వీధుల అవతల ఉంటాము. నలభై యేండ్లకు పైగా ఆ గూడు తెరిచేదీ మూసేదీ ఆమే. 2020లో ఆమె జారిపడి తుంటి ఎముక విరిగినది. ఆపరేషను చేసిన డాక్టరు, తడిసిన బండల మీద చీకట్లో అడుగు పెట్టవద్దని గట్టిగా చెప్పి పంపాడు. అయితే కోళ్లను అమ్మివేద్దామా అని అన్నందుకు ఆమె మూడు రోజులు మాతో మాట్లాడలేదు. చివరకు బెంగుళూరులో ఉండే మా తమ్ముని కొడుకు ఒక ఉపాయం చెప్పాడు: ఎండతో పనిచేసే తలుపులు అమ్ముతున్నారట, తెల్లవారగానే అదే తెరుచుకొని, చీకటి పడగానే అదే మూసుకొంటుందట. తెప్పించాము.

పార్శిలులో వచ్చిన సామాను పెద్దదేమీ కాదు. పది వాట్ల సోలారు ప్యానెలు ఒకటి, దాని కరెంటును బ్యాటరీకి అదుపుగా పంపే చార్జింగు పెట్టె ఒకటి, పన్నెండు వోల్టుల ఏడు ఆంపియర్-గంటల మూత బ్యాటరీ ఒకటి. ఇవి కాక, వెలుతురును కనిపెట్టే కన్ను ఉన్న కంట్రోలు పెట్టె ఒకటి. చివరకు తలుపును తోసే కడ్డీ మోటారు. కంట్రోలు పెట్టె రెండు తీగలలో కరెంటు ఒక దిక్కుగా పంపితే కడ్డీ బయటికి వస్తుంది, తలుపు పడుతుంది. దిక్కు మార్చి పంపితే కడ్డీ లోపలికి పోతుంది, తలుపు లేస్తుంది. కొస చేరగానే మోటారు లోపలి చిన్న స్విచ్చి కరెంటు కత్తిరిస్తుంది. అన్నిటినీ బల్ల మీద పెట్టి చూచినప్పుడు కడ్డీ పద్నాలుగు అంగుళాలూ పద్దెనిమిది సెకండ్లలో నడిచినది. మేమంతా చప్పట్లు కొట్టాము. మేనత్తగారు మాత్రం, "కొట్టండప్పా, వానలు రానీ, అప్పుడు చూద్దాము" అన్నారు.

బ్యాటరీనీ పెట్టెలనూ వాన తగలకుండా వరండాలో గోడకు బిగించాము. గూడు అక్కడికి పదిహేను మీటర్ల దూరం. సామానుతో వచ్చిన వైరు రెండు మీటర్లే గనుక, ఇంట్లో ఉన్న కాలింగుబెల్లు వైరు తెచ్చి, చూరు కింద దానికి అతికి, నల్ల టేపు చుట్టి, గూటిదాకా లాగాము. ఇది చేసినది మేమే. ఎలక్ట్రీషియనును పిలవలేదు, తలుపు అమ్మినవారినీ అడగలేదు. ఈ వాక్యం పాఠకులు జ్ఞాపకముంచుకోవాలి.

వేసవిలో పెట్టిన తలుపు దసరా దాకా బాగానే నడిచినది. ఆ యేడు నవంబరులో వాన వదలలేదు. ఒక రాత్రి మేము కృష్ణగిరిలో పెండ్లికి పోయాము. తెల్లవారి వచ్చేసరికి మేనత్తగారు వరండాలో గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నారు. తలుపు సగం పడి నిలిచిపోయినది. కింద ఆరు అంగుళాల సందు. పద్నాలుగు కోళ్లలో అయిదు పోయినవి. అందులో రెండు వనరాజ పెట్టలు, గుడ్ల మీద ఉన్నవి. వనరాజ అంటే హైదరాబాదు రాజేంద్రనగరులోని కోళ్ల పరిశోధన సంస్థవారు పెరటి పెంపకానికని తయారుచేసిన జాతి. ఆ పిల్లలను ఆమె ఎంతో ఆశపడి తెప్పించుకొన్నారు. ఆమె మమ్మల్ని ఒక్క మాటా అనలేదు. ఆ సాయంకాలం కర్ర పట్టుకొని, తడి బండల మీద తానే నడిచిపోయి గూడు మూసి వచ్చారు. మరునాడూ అంతే. కోళ్లు పోయినందుకు కాదు, ఆ నడక చూచి మాకు భయం పట్టుకొన్నది.

మొదట మా బుద్ధికి తోచినది అందరికీ తోచేదే. వారం రోజులుగా ఎండ లేదు. ఎండ లేకపోతే ప్యానెలు పనిచేయదు. కనుక బ్యాటరీ చచ్చినది. దాదాపు వెయ్యి రూపాయలు పెట్టి కొత్త బ్యాటరీ కొన్నాము. రెండు రోజులు తలుపు పడినది. మూడవ రోజు జల్లు పడగానే మళ్లీ మధ్యలో నిలిచినది.

కొనకముందే కాగితం మీద నాలుగు లెక్కలు వేసి ఉంటే ఆ డబ్బు మిగిలేది. మోటారు తీసుకొనేది ఒకటిన్నర ఆంపియరుకు కొంచెం పైన, రోజుకు రెండుసార్లు, సారికి పద్దెనిమిది సెకండ్లు. అంతా కలిపితే ఆంపియర్-గంటలో అరవయ్యవ వంతు. కంట్రోలు పెట్టె ఊరికే కళ్లు తెరుచుకొని కూర్చోడానికి మా మీటరు లెక్కన ఇరవై మిల్లీ ఆంపియర్లు తీసుకొంటున్నది. ఇరవైనాలుగు గంటలకు అది దాదాపు అర ఆంపియర్-గంట. అనగా పని చేసే మోటారు కంటె కాపలా కాసే పెట్టె ముప్ఫై రెట్లు తింటున్నది! ఆ తిండి కలుపుకొన్నా, ఏడు ఆంపియర్-గంటల బ్యాటరీ వారం రోజుల మబ్బుకు సగం మాత్రమే దిగుతుంది. మబ్బులోనూ ప్యానెలు కొంత పంపుతూనే ఉంటుంది. ఇంతెందుకు, పాత బ్యాటరీని తీసి గంటసేపు పక్కన పెట్టి మీటరు ఆనించి చూస్తే 12.5 వోల్టులున్నది. నిండిన బ్యాటరీ విశ్రాంతిగా ఉన్నప్పుడు 12.7 దాకా చూపుతుంది, సగం దిగితే 12.2, ఇంచుమించు ఖాళీ అయితే 11.8. పాపం ఆ పాత బ్యాటరీ ఏ నేరమూ చేయలేదు.

తరువాత మోటారును అనుమానించాము. గూటిదగ్గర మోటారుకు వచ్చే తీగల కొసల మీద మీటరు ముండ్లు పెట్టి, మా తమ్ముని కొడుకును వరండాలో మీట నొక్కి పట్టుకోమన్నాము. మోటారును విప్పి పక్కన పెట్టి ఉన్నాము. మీటరు 12.6 చూపినది. "కరెంటు నిండుగా వస్తున్నది, మోటారే చెడినది" అని తీర్పు చెప్పివేశాము. కొత్త మోటారుకు ఆర్డరు పెట్టబోతుండగా మేనత్తగారు వరండాలో నుంచి అన్నారు:

"ఏమప్పా, ఎండకాసిన పొద్దు తలుపు సులువుగా పోతాది. వానొచ్చిన పొద్దు మూలుగుతాది. మోటారు చెడింటే రోజూ మూలగల్ల గదా? మీరు ఆ ముండ్లపెట్టె చూస్తారు గాని దాని గొంతు వినరే!"

మేము సిగ్గుపడ్డాము. నిజమే, చెడిన మోటారుకు వానా ఎండా ఏమిటి? వాన తగిలేది మోటారుకు కాదు, అది గూటి లోపల ఉన్నది. బ్యాటరీకీ కాదు, అది వరండాలో ఉన్నది. రెంటికీ నడుమ ఉన్నది వైరు.

అప్పుడు చేసిన పరీక్షే ఈ వ్యాసానికంతా ప్రాణం. మోటారును మళ్లీ తగిలించి, అది కదులుతూ ఉండగా మీటరు పెట్టాము. బ్యాటరీ దగ్గర 12.5. మోటారు దగ్గర 6.8! ముందు 12.6 చూపిన చోటే, మోటారు పనికి దిగేసరికి సగానికి సగం మాయమైనది.

మన వైపు గులాబీ తోటలకు డ్రిప్పు పైపులు వేసినవారికి ఇది కొత్త సంగతి కాదు. కొస వాల్వు మూసి ఉన్నంతసేపూ పైపు పొడుగునా ఒత్తిడి ఒక్కటే. నడుమ మట్టి పేరుకొని చిటికెనవేలంత సందే మిగిలి ఉన్నా మీటరు చెప్పదు. వాల్వు తెరిచి నీళ్లు పారినప్పుడు గాని గుట్టు బయటపడదు. వైరూ అంతే. కరెంటు పారనప్పుడు ఎంత సన్నని తీగైనా, ఎంత చిలుము పట్టిన అతుకైనా నిండు వోల్టేజే చూపుతుంది. ఊరికే ఉన్న తీగ మీద మీటరు పెట్టి "కరెంటు వస్తున్నది" అనుకోవడం వల్ల ఎన్ని మంచి మోటార్లు చెత్తకుప్ప చేరినవో!

పోయిన 5.7 వోల్టులు ఎక్కడ పోయినవో వెదకడం తరువాత సులువే. తలుపు కదులుతుండగా మీటరు ముండ్లను ఒకే తీగ మీద, ఒకే అతుకుకు అటొకటి ఇటొకటి పెట్టాలి. మంచి అతుకైతే మీటరు సున్నకు దగ్గరగా, వోల్టులో పదవ వంతుకు లోపల చూపాలి. చూరు కింద మేము టేపు చుట్టిన అతుకు 1.4 చూపినది. టేపు విప్పితే లోపల రాగి పచ్చగా చిలుముపట్టి, చేతిలో పొడిగా రాలినది. చూరు నీళ్లు వైరు వెంబడి జారి సరిగ్గా ఆ ముడిలోకి దిగుతున్నవి. గూటిదగ్గరి అతుకు కూడ పచ్చబడడం మొదలయినది. కోళ్ల రెట్ట నుంచి వచ్చే అమ్మోనియా వాయువు తేమతో కలిసి రాగిని తినివేస్తుంది. కోళ్లగూట్లో విప్పారిన రాగితీగ ఉండకూడదనడానికి కారణమిదే.

మిగిలిన 4.3 వోల్టులు మింగినది వైరే. అది 0.2 చదరపు మిల్లీమీటరు తీగ. పోనురాను ముప్ఫై మీటర్లు. చాలమంది పోవడం లెక్కపెట్టి రావడం మరచిపోతారు. అంత తీగకు నిరోధం 2.6 ఓములు. దానిలో 1.65 ఆంపియర్లు పారితే పోయేది అక్షరాలా 4.3 వోల్టులు. గంట మోగించడానికి చాలిన తీగ తలుపు తోయడానికి చాలదు.

ఇంకొక చిక్కుముడి అప్పుడు విడినది. కంట్రోలు పెట్టె మోటారుకు ముప్ఫై సెకండ్లు మాత్రమే కరెంటు ఇస్తుంది. ఏదైనా అడ్డుపడితే మోటారు కాలిపోకుండా పెట్టిన గడువు అది. బల్ల మీద పద్దెనిమిది సెకండ్లలో నడిచిన కడ్డీ, గూటికి బిగించాక ఎండ రోజుల్లోనే ఇరవైఅయిదు తీసుకొంటున్నది. మేము ఏనాడూ లెక్కపెట్టలేదు. వాన రోజున అతుకు తడిసి, తలుపు జారే గాడిలో తడి ఊక చేరి, కడ్డీ నత్తలా నడిచి, ఎనిమిది అంగుళాలు పోయేసరికి గడువు తీరినది. మిగిలినది ఆరు అంగుళాలు. ఆ రాత్రి తలుపు చెడిపోలేదు. ఆలస్యమైనది, అంతే. ఆ ఆలస్యంలో అయిదు ప్రాణాలు పోయినవి.

బాగుచేయడానికి ఒక ఆదివారం పట్టినది. 1.5 చదరపు మిల్లీమీటరు రాగి వైరు వేశాము. దానిలో పోయేది ముప్పాతిక వోల్టుకు లోపలే. నడుమ ఎక్కడా అతకకుండా ఒకే ముక్క లాగాము. రెండు కొసల అతుకులకు టంకం వేసి, వేడికి ముడుచుకొనే రబ్బరు తొడుగు తొడిగి, చిన్న ప్లాస్టిక్కు డబ్బాలలో ఉంచాము. వైరు డబ్బాలోకి పోయేముందు కిందికి ఒక వంపు తిప్పి మళ్లీ పైకి తెచ్చాము. నీరు ఆ వంపు అడుగునుంచే చుక్కలుగా రాలిపోతుంది, డబ్బాలోకి ఎక్కదు. కాణీ ఖర్చులేని ఈ వంపును ముందే తిప్పి ఉంటే అతుకు ఇంకొన్నాళ్లు నిలిచేదేమో. తలుపు ఇప్పుడు పందొమ్మిది సెకండ్లలో పడుతుంది.

పని మొదలుపెట్టేముందు ఒక జాగ్రత్త. పన్నెండు వోల్టులు మనిషికి షాకు కొట్టవు గాని, బ్యాటరీ రెండు కొనలను ఏ స్పానరో, చేతి కడియమో కలిపితే క్షణంలో ఎర్రగా కాలుతుంది. ఉంగరాలు, కడియాలు తీసివేయాలి. విప్పేటప్పుడు ముందు ప్యానెలు తీగలు, తరువాత బ్యాటరీ తీగలు. బిగించేటప్పుడు ముందు బ్యాటరీ, తరువాత ప్యానెలు. బ్యాటరీ లేకుండా ప్యానెలును మాత్రమే తగిలిస్తే కొన్ని చార్జింగు పెట్టెలు చెడిపోతవి. బ్యాటరీ ఎర్ర కొనకు జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి. దూరంగా గూటిదగ్గర పెట్టిన ఫ్యూజు నడుమ వైరును ఎలుక కొరికినప్పుడు కాపాడదు.

మా తలుపు బాగుపడినదని తెలిసి బంధువులు తమ తలుపులు చూడమని పిలవసాగారు. ఊరికే వచ్చిన వైద్యుడు గదా! బాగలూరులో ఒక ఇంట తలుపు రాత్రి ఎనిమిదికి పడి, పదికి మళ్లీ లేచేది. వైరంతా తడిమి చూచాము, లోపం లేదు. పదింటిదాకా అక్కడే కూర్చొంటే తెలిసినది. ఎదురింటివారు కొట్టు కట్టేసి వచ్చి గేటు దీపం వేస్తారు. ఆ ఎల్ఇడి దీపం సూటిగా వెలుతురు కంటి మీద పడుతున్నది. కంట్రోలు పెట్టెకు తెల్లవారినట్లు తోచి తలుపు తెరుస్తున్నది. కంటిని గోడ చాటుకు, ఆకాశం మాత్రమే కనిపించేటట్లు తిప్పితే సరిపోయినది. దీనికి ఎదురు జబ్బూ ఉన్నది. ఆ కంటిమీద దుమ్ము, సాలెగూడు చేరితే వేళకు ముందే చీకటి పడినదనుకొని తలుపు మూసివేస్తుంది, కోళ్లు బయటే మిగిలిపోతవి. నెలకొకసారి తడిగుడ్డతో తుడవాలి.

శూలగిరిలో మా వియ్యాలవారి ప్యానెలు వేసవిలో భేషుగా పనిచేసి, డిసెంబరు వచ్చేసరికి బ్యాటరీని నింపడం మానినది. వారు వైరును అనుమానించారు గాని దోషం చెట్టుది. ఇంటికి దక్షిణాన మామిడిచెట్టు. డిసెంబరులో మన వైపు మధ్యాహ్నవేళ కూడా సూర్యుడు నడినెత్తికి రాడు. దక్షిణాన సుమారు 54 డిగ్రీల ఎత్తుకే ఎక్కి దిగిపోతాడు. వేసవిలో కురచగా ఉన్న కొమ్మ నీడ అప్పుడు చాగి ప్యానెలు మూల మీద పడుతున్నది. మూలే గదా అనుకోరాదు. ప్యానెలులోని గళ్లన్నీ ఒకదాని వెనుక ఒకటి గొలుసుగా కట్టినవి. చిన్న ప్యానెళ్లలో ఒక గడి నీడలో పడినా గొలుసంతా కుంటుతుంది. కొమ్మ కొట్టడానికి వారి తల్లిగారు ఒప్పుకోలేదు. ప్యానెలునే కప్పు అవతలి కొసకు జరిపాము.

వెలుతురు కన్ను బదులు గడియారంతో నడిచే తలుపులున్నవారు ఇంకొకటి గమనించాలి. మన ప్రాంతంలో జూలైలో పొద్దు 6-50 ప్రాంతాన గూకితే, నవంబరు చివర 5-50కే గూకుతుంది. గంట తేడా. వేసవిలో పెట్టిన వేళను అట్లే వదిలివేస్తే కార్తీకంలో గంటసేపు చీకట్లో తలుపు బార్లా తెరిచి ఉంటుంది. అడవిపిల్లికి ఆ గంట చాలు. పొద్దుగూకిన తరువాత ఇరవై ముప్ఫై నిమిషాలకు తలుపు పడేటట్లు నెలకోసారి దిద్దుకోవాలి.

మల్టీమీటరు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. కొనలేనివారు లెక్కబెట్టడమైనా నేర్చుకోవచ్చు. తలుపు పెట్టిన మొదటి రోజే అది ఎన్ని సెకండ్లలో పడుతున్నదో గోడ మీద వ్రాసిపెట్టుకొని, నెలకోసారి, వాన పడిన మరునాడు తప్పకుండా, మళ్లీ లెక్కపెట్టి చూడండి. రెండు మూడు సెకండ్లు పెరిగితే గాడి తుడవండి. అప్పటికీ తగ్గకపోతే అతుకులు విప్పి చూడండి. మా గోడ మీద 2021 డిసెంబరు నుంచి బొగ్గుతో వ్రాసిన అంకెలున్నవి. 2023లో ఒకసారి ఇరవైనాలుగు పడితే విప్పి చూచాము. గాడిలో ఎర్రచీమలు పుట్ట పెట్టినవి.

మేనత్తగారు కొత్త వైరు వేసిన తరువాత కూడ పదిహేను రోజులు ఆ కర్ర వదలలేదు. ప్రతి సాయంకాలం తలుపు పడినాక పోయి చేత్తో తోసి చూచి వచ్చేవారు. ఒకరోజు పోలేదు. అడిగితే, "గొంతు బాగుండాది లే" అన్నారు. ఇప్పుడు పొద్దుగూకే వేళకు వరండాలో కుర్చీ వేసుకొని కూర్చొని, మోటారు చప్పుడు మొదలు కాగానే వ్రేళ్ల మీద లెక్క మొదలుపెడతారు. గుంపులో ఒక నల్లపెట్ట మాత్రం గూట్లోకి పోక మునగచెట్టు ఎక్కి కూర్చొంటుంది. దానికోసం తలుపు పడే వేళకు కొంచెం ముందుగా వరండా మెట్టు మీది నుంచే గుప్పెడు రాగులు గూటి వైపు చల్లి, పేరు పెట్టి పిలుస్తారు. నాలుగు రోజుల్లో మూడు రోజులు దిగివస్తుంది.